పద్నాలుగో సీసా

కుప్పం,
జూలై 9

ప్రియమైన మామకు,
మీ రూతు వందనాలు.

పోయిన ఆదివారం పుంగనూరు ఇంటికి వెళ్తే అమ్మ మీ కార్డు చేతిలో పెట్టింది. "మూడేళ్లుగా కుప్పంలో ఆ పిల్ల చేస్తున్నదేమిటో నాకు ఒక్కసారైనా అర్థమయ్యేలా రాయమను" అని ఉంది అందులో. మీ చెవులు ఫోనుకు పనికిరాకుండా పోయాక మనకు మిగిలింది ఈ కాగితాలే కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నేను పనిచేసే పొడి మీకు నాకంటే బాగా తెలుసు. మదనపల్లె మిషన్ ఆసుపత్రి మందుల గదిలో ముప్పై నాలుగేళ్లు కాంపౌండరుగా మీరు నూరి పూతమందు చేసిన జింక్ ఆక్సైడే అది. మీరు కిలోల లెక్కన చేశారు, నేను చిటికెల లెక్కన చేస్తాను. నా పొడిలో ఒక్కో రేణువు సన్నటి పుల్లలా ఉంటుంది. దాని మందం తలవెంట్రుకలో వెయ్యో వంతు. కంటికి కనిపించని ఊదా కాంతిని దాని మీద వేస్తే ఆ కాంతిని మింగి, మనకు కనిపించే రంగులో వెలుగుతుంది. అందులో రవ్వంత వేరే లోహం కలిపితే ఆ వెలుగు మారుతుంది. ఎంత కలిపితే ఎలా మారుతుందో చూడటమే నా పీహెచ్‌డీ. నేను కలిపేది రాగి.

ఈ మాట ఇంట్లో చెప్పి ఇరుక్కున్నాను. "తెల్లపొడిలో రాగి కలపతాండానమ్మా" అంటే అమ్మ, "దానికి మూడేండ్లు యాల? సంగటి ఒగ పూటలో అయిపోతాది గదా" అనింది. ఆ రాగులు కావు, చెంబులు చేసే రాగి అని చెప్పేలోపే పక్కింటి చెంగమ్మత్త వచ్చి నెయ్యి ఎంత వేస్తావని అడిగింది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఇంతవరకు చేసిన పదమూడు సీసాలు ఆ ఊదా కాంతి దీపం కింద పెడితే ఉన్నామంటే ఉన్నామన్నట్టు మసకగా వెలిగేవి. జూన్ చివర్లో చేసిన పద్నాలుగోది అలా కాదు. చీకటి గదిలో దీపం వేయగానే పచ్చగా, అప్పుడే మొలిచిన పైరులాగా వెలిగింది. ఆ వెలుగులో నా చేతి గోళ్లు కనిపించాయి. మా గైడ్ ఉమాపతి సారు మాటలు పొదుపుగా వాడే మనిషి. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూసి, "ఇది సాలమ్మా" అన్నారు. రాగి వల్ల వెలుగు పెరిగిందని నవంబరులో బెంగళూరులో జరిగే సదస్సుకు వారంలోనే రాసి పంపేశాం. డిసెంబరుకు నా గడువు అయిపోతుంది. ఈ ఒక్క సీసాతో గట్టెక్కినట్టే.

మీ ఆరోగ్యం రాయండి.

రూతు

*

మదనపల్లె,
జూలై 18

చిరంజీవి రూతుకు,
మామ దేవదాసు దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి మీ అత్త ఫోటో ముందు పైకి చదివి ఆమెకోసం. ఆమె ఉండి ఉంటే నెయ్యి సంగతి దగ్గరే ఆగిపోయేది.

ఆ పొడి గురించి నాకూ ఒక ముచ్చట ఉంది. కొత్తలో ఒకసారి తేమ పట్టిన పొడిని ఆరబెట్టడానికి పెనం మీద పోసి వేడిచేశాను. చూస్తుండగానే నిమ్మపండు రంగుకు తిరిగింది. పాడుచేశానని భయపడి బయట పారబోయబోతుంటే డాక్టరమ్మ చూసి, "ఆగప్పా, సల్లారనీ" అనింది. చల్లారాక మళ్లీ తెల్లగా అయింది. ఆ రోజు నుంచి ఆ పొడిమీద నాకు గౌరవం. దాని మనసులో ఏదో పెట్టుకుని ఉంటుందని అనిపించేది. నువ్విప్పుడు దాన్ని అడిగి చెప్పిస్తున్నావు.

ఒక మాట అడుగుతాను, పాతకాలపు కాంపౌండరు చాదస్తం అనుకో. ఆ పద్నాలుగో సీసా రెండోసారి కూడా అలాగే వచ్చిందా? మా గదిలో ఏ మందు చేసినా పుస్తకంలో తేదీ, నూరిన మనిషి, నూరిన కల్వం, అన్నీ రాసేవాళ్లం. బాగా కుదిరిన రోజున మరీ జాగ్రత్తగా రాయమనేది డాక్టరమ్మ. చెడిపోతే ఎందుకు చెడిపోయిందని మనమే వెతుకుతామట, బాగా కుదిరితే ఎవరూ వెతకరట.

నా ఆరోగ్యం బాగానే ఉంది. చెవుల సంగతి మామూలే.

మీ మామ,
దేవదాసు

*

కుప్పం,
ఆగస్టు 20

ప్రియమైన మామకు,
రూతు వందనాలు.

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు. ఇక్కడ వారం నుంచి రోజూ సాయంత్రం వాన. హాస్టలులో వంట చేసే వెంకటమ్మ తమిళం, కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. ఆమె ఏ భాషలో తిడుతోందో తేలేలోపు తిట్టు అయిపోతుంది. నిన్న సాంబారులో ఉప్పు ఎక్కువైందంటే, "రేపు తక్కువేస్తాను, రెండూ కలిపి సరిజూసుకో" అనింది. కొత్తగా చేరిన పిల్లలిద్దరు నన్ను అక్కా అనడం మానేసి మేడమ్ అంటున్నారు. ముసలిదాన్నయిపోయాను. మొన్న ఆదివారం గుడుపల్లెలో స్నేహితురాలి ఇంటికి వెళ్లి పనసపండు తిని వచ్చాం. చర్చిలో కొత్త హార్మోనియం వచ్చింది కానీ వాయించేవాళ్లు పాతవాళ్లే.

బెంగళూరు సదస్సువాళ్లు మా వ్యాసం తీసుకున్నారు. సారు డిపార్టుమెంటులో అందరికీ చెప్పారు.

రెండోసారి వచ్చిందా అని అడిగారు. కొలిచే పరికరం ఖాళీ దొరకడం లేదు. చూస్తున్నాను.

ఉంటాను మామా.

రూతు

*

పుంగనూరు,
ఆగస్టు 29

చిరంజీవి రూతుకు,
మామ దీవెనలు.

నాలుగు రోజులుగా మీ అమ్మ దగ్గర ఉన్నాను. నీ ఉత్తరం మా అమ్మాయి సోఫియా ఇక్కడికే పంపింది. వాన, సాంబారు, హార్మోనియం గురించి ఎనిమిది వాక్యాలు, సీసా గురించి మూడు రాశావు. ముప్పై నాలుగేళ్లు చీటీలు చదివిన మనిషిని నేను. ఏ మందు రాశారో దానికంటే ఏది రాయలేదో చూడటం అలవాటు.

అందుకే నాకు జరిగింది ఒకటి చెప్తాను. ఒక ఏడాది పిల్లల వార్డులో మా పూతమందు రాసిన చోటల్లా దద్దుర్లు లేచాయి. పొడిలోనే కల్తీ ఉందని తేల్చేశాను. పొడి తెచ్చే ముసలాయన్ని గేటు దగ్గర పదిమంది ముందు నిలబెట్టి, "నువ్వు ఇంకెప్పుడూ ఈ పక్కకు రావొద్దు" అన్నాను. డాక్టరమ్మ నాతో ఏమీ అనలేదు. నా ఎడమచేతి చొక్కా మడిచి ఒకచోట మందు రాసింది. కుడిచేతికి పొడి కలపని వట్టి కొవ్వు రాసింది. తెల్లారి చూస్తే రెండు చేతులా దద్దుర్లే. పొడి తప్పు లేదు, నేను కొని పెట్టిన కొవ్వు పాతబడింది. ఆ ముసలాయన ఊరు వెతుక్కుంటూ వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన కాఫీ ఇచ్చి పంపాడు కానీ మళ్లీ మా ఆసుపత్రికి రాలేదు.

నీ వట్టి కొవ్వు ఏది రూతూ? అంటే, రాగి కలపకుండా, మిగతా అంతా ఆ రోజు చేసినట్టే చేసిన పొడి ఉందా నీ దగ్గర?

నిన్ను నిజం అడిగేముందు నేనొకటి ఒప్పుకోవాలి. నాకు చెవులు వినిపిస్తున్నాయి. మార్చిలోనే సోఫియా చెవిలో పెట్టుకునే మిషన్ ఇప్పించింది. ఎదురింట్లో కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో కూడా చెప్పగలను. నీకు చెప్పొద్దని మీ అమ్మ చేత, సోఫియా చేత మాట తీసుకున్నాను. ఎందుకంటే, తెలిస్తే నువ్వు ఫోను చేస్తావు. "తిన్యావా మామా, మాత్ర ఏసుకున్యావా" అని రెండు నిమిషాల్లో పెట్టేస్తావు. ఈ నాలుగేసి పేజీలు నాకు ఎవరు రాస్తారు?

మీ అమ్మ పక్కనే కూర్చుని, "ఇంతకాలానికి సెప్పినావు, నా కడుపుబ్బరం తగ్గింది" అంటోంది. నేను చెప్పేశాను. ఇక నీ వంతు.

మీ మామ,
దేవదాసు

*

కుప్పం,
సెప్టెంబరు 5

మామకు,

వందనాలు ఈసారి సగమే. ఆరు నెలలు నన్ను మోసం చేశారు. ఏప్రిల్‌లో ఇంటికి వచ్చినప్పుడు మీ చెవి దగ్గర అరిచి అరిచి నాకు గొంతు పోయింది, గుర్తుందా? మీరు తల ఊపుతూ, "ఇంగొంచెం గట్టిగా సెప్పమ్మా" అన్నారు. చదివి ల్యాబులో ఒక్కదాన్నే నవ్వాను. మా సీనియర్ సిద్ధార్థ భయపడి వచ్చి చూశాడు.

నవ్వు అయిపోయాక ఏడుపు వచ్చింది. అందుకే మీకు మొత్తం చెప్తున్నాను.

పద్నాలుగో సీసా మళ్లీ రాలేదు మామా. జూలై నుంచి ఆరుసార్లు చేశాను. అదే కొలత, అదే వేడి, అదే రాగి. ఆరూ మసకే. సారుకు చెప్పలేదు. సిద్ధార్థకు మాత్రం చెప్పాను. "ఒగసారి వచ్చింది సాలదా? గ్రాఫు ఉండాది, ఫోటో ఉండాది. బెంగళూరులో ఎవరడగతారు?" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, నా గడువు చూసి అన్నాడు. నాకూ ఆ మాట హాయిగానే అనిపించింది. రెండు నెలలు దాని మీదే బతికాను.

మీ ఉత్తరం చదివాక నా పుస్తకం తీసి ఆ రోజు పేజీ చూశాను. అంకెల మధ్య ఒకచోట "మూత" అని ఒక్క మాట. అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారం మా ల్యాబు పైకప్పుకు సున్నం కొడుతున్నారు. పెళ్లలు రాలి పొడిలో పడకుండా, కొలిమిలో పెట్టే పింగాణీ గిన్నెకు ఆ ఒక్కరోజు మూత పెట్టాను. పైగా హడావుడిలో పొడి వడగట్టిన కాగితాన్ని తీయకుండా దాంతోపాటే పెట్టేశాను. బీరువాలో వెతికితే ఆ మూత దొరికింది. లోపలివైపు నల్లగా మసి వలయం.

రెండు గిన్నెలు తీసుకున్నాను. ఒకదాంట్లో రాగి కలిపిన పొడి, ఇంకోదాంట్లో వట్టి పొడి. రెండింటిలో కాగితం పెట్టి, మూతలు వేసి కాల్చాను. మరునాడు చీకటి గదిలో దీపం వేస్తే రెండూ వెలిగాయి. వట్టిదే ఎక్కువ వెలిగింది.

జరిగింది ఇదీ. మూత కింద కాగితం కాలుతూ, గాలి చాలక, పొడిలో ఉన్న ఆక్సిజన్‌ను కొంత లాక్కుంది. అలా ఖాళీలు పడిన చోట పచ్చ వెలుగు పుడుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. మా వ్యాసంలో వెలుగు రాగి వల్ల అని రాశాం. రాగికి సంబంధం లేదు.

సారు సోమవారం ఊరినుంచి వస్తారు. ఆయనకు చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఆయన డీన్‌కు కూడా చెప్పి ఉన్నారు.

రూతు

*

మదనపల్లె,
సెప్టెంబరు 8

చిరంజీవి రూతుకు,

ఇది నీకు సోమవారానికి అందాలని బస్టాండులో మనకు తెలిసిన కండక్టరు చేతికి ఇస్తున్నాను.

మాటతో మొదలుపెట్టకు. రెండు సీసాలూ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి దీపం వేయి. ఆయన కళ్లజోడు తుడుచుకుని మరీ చూసే మనిషి కదా, చూడనీ. నా చేతులకు దద్దుర్లు వచ్చిన రోజు డాక్టరమ్మ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను వాదించేవాణ్ణి. నా చేతులతో నేను ఎట్లా వాదిస్తాను?

ఆయన కోప్పడితే కాసేపు పడు. భోజనం చేసి వెళ్లు.

మామ

*

కుప్పం,
సెప్టెంబరు 24

ప్రియమైన మామకు,
రూతు నిండు వందనాలు.

మీరు చెప్పినట్టే చేశాను, భోజనంతో సహా.

సారు రాగానే చీకటి గదికి రమ్మన్నాను. రెండు సీసాలు బల్లమీద పెట్టి దీపం వేశాను. ఆయన మొహం ఆ పచ్చ వెలుగులో పండగ చేసుకుంటున్నట్టు ఉంది. "మళ్లా వచ్చిందా?" అన్నారు.

"వచ్చింది సార్. వీటిలో రాగి ఉండేది ఏదో చెప్పండి."

"ఇదేగదమ్మా" అని ఎక్కువ వెలిగేదాన్ని చూపించారు.

"అది వట్టిది సార్."

ఆయన సీసాను తిప్పి చీటీ చదివారు. రెండోదీ చదివారు. నేను మూత తీసి మసి చూపించాను, కాగితం సంగతి చెప్పాను. జూలై నుంచి ఆరుసార్లు రాలేదని, చెప్పకుండా దాచానని కూడా చెప్పాను.

"ఆరుసార్లు రాలేదా?"

"లేదు సార్."

"నాకు యాల సెప్పలేదు?"

"మీరు శానా సంతోషంగా ఉండారు సార్."

ఆయన దీపం ఆర్పి బయటకు వెళ్లిపోయారు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నా జీవితంలో అంత పొడవైన మూడు రోజులు లేవు. వెంకటమ్మ కూడా తిట్టడం మానేసి నాకు అప్పడం ఎక్కువ వేసింది.

నాలుగో రోజు పొద్దున ఒక కాగితంతో వచ్చారు. బెంగళూరువాళ్లకు రాసిన ఉత్తరం. మేం పంపిన వ్యాసం తప్పని, దాని బదులు ఎందుకు తప్పో చెప్తామని, అనుమతించకపోతే పేరు తీసేయమని ఆయనే రాసి సంతకం పెట్టారు. తప్పు తనదని రాశారు, నా పేరు లేదు. "సంతోషం నాది, తొందరా నాదే. వట్టి పొడి యాడుందని నేను అడగాల్సింది" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నాకు సెప్పకుండా రెండు నెలలు ఊరుకునింది మాత్రం నీ తప్పే. మళ్లా అట్ల సేయొద్దు" అన్నారు. చేయను అన్నాను.

అప్పటినుంచి రోజుకు నాలుగు గిన్నెలు కాలుస్తున్నాం. మూతతో, మూత లేకుండా, రాగితో, రాగి లేకుండా. సిద్ధార్థ తన పని పక్కన పెట్టి వడపోత కాగితాలు కత్తిరిస్తున్నాడు. ఇంతకీ రాగి ఏం చేస్తోందో ఇప్పుడు తెలిసింది మామా. వెలుగును పెంచడం లేదు, అణచేస్తోంది. ఎంత ఎక్కువ కలిపితే అంత మసక, మెట్లు మెట్లుగా. చిన్న ఫలితమే. కానీ ఎన్నిసార్లు చేసినా అలాగే వస్తోంది.

మీకు ఫోను చేయను. మీరు కోరినట్టే రాస్తాను.

రూతు

*

మదనపల్లె,
అక్టోబరు 3

చిరంజీవి రూతుకు,
మామ దీవెనలు.

నీ ఉత్తరాన్ని సోఫియా డ్యూటీకి వెళ్తూ బస్సులో చదువుకోవడానికి తీసుకుపోయింది. ఆమె నర్సులందరికీ చెప్పింది. ఇప్పుడు నేను ఆసుపత్రి పక్కకు పోతే, "కాంపౌండరు మామా, మూత ఏసినారా?" అని అడుగుతున్నారు. అన్నీ వినిపిస్తున్నాయి, అదొక్కటే ఇబ్బంది.

మీ సారు నాకు నచ్చాడు. తప్పు తన పేరున రాసుకునే మనిషి దగ్గర చదువుకోవడం నీ అదృష్టం. బెంగళూరువాళ్లు ఏమన్నారో రాయి. వద్దంటే అన్నారు, ఇంటికి వచ్చేయ్, రాగి సంగటి చేసుకుందాం. చెంగమ్మ నెయ్యి తెస్తుందట.

మామ,
దేవదాసు

*

కుప్పం,
నవంబరు 24

ప్రియమైన మామకు,
రూతు వందనాలు.

నిన్న బెంగళూరు నుంచి వచ్చాం. రైలు దిగి హాస్టలుకు వచ్చి స్నానం చేసి, వెంటనే ఇది మొదలుపెట్టాను.

వాళ్లు మాకు వేదిక ఇవ్వలేదు. వరండా చివర గోడకు చార్టు తగిలించుకోమన్నారు. పక్కనే కాఫీ యంత్రం, అందుకని జనం మాత్రం బాగానే వచ్చారు. సగం మంది కాఫీ కప్పుతో చార్టు పేరు చదివి, వెలుగు తగ్గిందని చెప్పడానికి ఇంత దూరం వచ్చారా అన్నట్టు చూసి వెళ్లారు. సారు పక్కన నిలబడి ఎవరు అడిగినా నన్నే చెప్పమన్నారు. చిన్న అట్టపెట్టెకు కంత పెట్టి, లోపల రెండు సీసాలు, దీపం పెట్టుకున్నాను. కంతలోంచి చూసినవాళ్లందరూ సారులాగే వట్టిదాన్ని చూపించి రాగి అన్నారు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. నేత చీర, తెల్లజుట్టు, మెడలో ఐడీ కార్డు. శారదమ్మ అని పేరు, రిటైరైన ప్రొఫెసర్. చార్టు మొత్తం నిలబడి చదివింది. కంతలోంచి చూసి ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"మీదే ఊరమ్మా?" అంది.

"పుంగనూరు మేడమ్."

"మాది పలమనేరు. ఈ మూత సంగతి నువ్వే కనుక్కున్యావా?"

మా మామ అడిగితే వెతికాను అన్నాను. ఏ యూనివర్సిటీ అని అడిగింది. మిషన్ ఆసుపత్రి కాంపౌండరు అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

పదకొండేళ్ల కింద ఆమె దగ్గర వసుధ అని ఒక అమ్మాయి ఇదే పని చేసిందట. ఒక్కసారి ఇలాగే పచ్చగా వెలిగిన పొడి వచ్చింది. ఎంత చేసినా మళ్లీ రాలేదు. బజారులో దొరికే వెలిగే పొడి కలిపి తెచ్చిందని శారదమ్మగారు అనుమానించారు. అందరిముందు అన్నారట. ఆ అమ్మాయి, "నేనేమీ కలపలేదు మేడమ్" అని ఒక్క మాట చెప్పి, మరునాటినుంచి రావడం మానేసింది. పీహెచ్‌డీ వదిలేసింది. ఇప్పుడు పలమనేరు పక్కన గంగవరంలో హైస్కూల్లో సైన్సు చెప్తోందట.

"ఆ పొద్దు మేమూ వడపోత కాగితం తీయకుండానే మూత పెట్టినాము. ఆ పిల్ల కాదు, నేనే పెట్టించినాను. కిటికీలో నుంచి దుమ్ము వస్తా ఉన్న్యాది" అంది శారదమ్మగారు. సారు ఆమెకు కాఫీ తెచ్చారు. ఆమె తాగలేదు.

"నెంబరుండాదా మేడమ్?" అన్నాను.

ఉంది. ఆ అమ్మాయి ఏటా ఉపాధ్యాయుల దినోత్సవానికి మెసేజ్ పెడుతుందట, ఈమె జవాబు ఇవ్వదట. "ఏమని సెప్పేది?" అని నన్నడిగింది, డెబ్బై ఏళ్ల ప్రొఫెసర్. చెప్పొద్దు మేడమ్, మొదట చూపించండి అన్నాను. రెండు సీసాల వెలుగు ఫోటో తీసి, చీటీలు కనిపించేలా, నల్ల మూత పక్కన పెట్టి పంపించాం. ఐదు నిమిషాలు అయ్యాక ఫోను మోగింది. శారదమ్మగారు ఫోను నా వైపు చాపింది, స్పీకరు నేనే నొక్కాను.

వెనకాల పిల్లల గోల. బడిలో ఉన్నట్టుంది.

"వసుధా, నేనమ్మా. నువ్వు సెప్పిందే నిజం. నాదే తప్పు" అంది ఆమె.

అవతల గోల తగ్గింది, ఎక్కడో పక్కకు వచ్చినట్టుంది. మేం ముగ్గురం ఆ ఫోనునే చూస్తున్నాం. ఏడుస్తుందేమో, పెట్టేస్తుందేమో అనుకున్నాను. నేనైతే పెట్టేసేదాన్ని.

"మేడమ్," అంది చివరికి. గొంతు చాలా మామూలుగా ఉంది. "వట్టి దాంట్లో కాగితం ఎంత బరువు పెట్టినారు?"

మేం తూచలేదు మామా. రెండు వందలకు పైగా గిన్నెలు కాల్చాం కానీ కాగితం తూచాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. సారు వెంటనే పెన్ను తీసి అరచేతి మీద రాసుకున్నారు. శారదమ్మగారు ఏడుస్తూ నవ్వుతోంది. వసుధక్క మాత్రం ఆగకుండా అడుగుతూనే ఉంది: మూత ఎంత బిగుతు, కొలిమి తలుపు ఎప్పుడు తెరిచారు, చల్లారేటప్పుడు మూత తీశారా లేదా. నేను చెప్తూ ఉంటే అవతల సుద్దముక్క గీతల చప్పుడు వినిపిస్తోంది. ఖాళీ గదిలో బోర్డు మీదే రాసుకుంటున్నట్టుంది.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వసుధక్క కుప్పం వస్తుంది, ఈసారి కాగితం తూచి కాలుస్తాం. సారు ల్యాబు తాళం నాకిచ్చారు.

రూతు